అరిగిన ఇనుము అతుక్కుంటుందా?

తార్నాక,
3 జూలై 1967, సోమవారం

చిరంజీవి వెంకటేశాన్ని ఆశీర్వదించి నానమ్మ రాసేది:

నీ హాస్టలుకూ మన ఇంటికీ మధ్య మైలు దూరం కూడా లేదు. అయినా స్టాంపు అంటించి ఎందుకు రాస్తున్నానో ముందు చెబుతాను. నిన్న ఆదివారం నువ్వు వచ్చి, మీ తాత కారు బానెట్ ఎత్తి, సీసాడు నల్లటి మందు ఇంజన్‌లో పోసి, చేతులు నా ఉతికిన తువాలుకు తుడిచి వెళ్లావు. పోయిన నెల "బండిని ముట్ట నానమ్మా, ఊరికే చూస్త" అన్నది నువ్వే. నిన్న ఆ మాట గుర్తు చేస్తే "నేనెప్పుడన్న?" అన్నావు. నోటిమాట నీ దగ్గర ఉల్లిపొర లాంటిది, గాలికి పోతుంది. కాబట్టి ఇకమీదట బండి సంగతి ఏదైనా కాగితం మీదనే. నెలకొకసారి నువ్వు భోజనానికి వచ్చినప్పుడు కంచం ముందు బండి మాట ఎత్తకూడదు. తింటూ వాదించేవాడికి అన్నమూ ఒంటబట్టదు, వాదమూ నెగ్గదు.

ఇక అనుమతి. ఆ కారును మీ తాత 1934లో కొన్నారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇంజన్ ఇప్పుడు నాలాగే ఉన్నది: కీళ్లు అరిగాయి, పొద్దున లేవగానే దగ్గుతుంది. పొగ మాత్రం నాకు రాదు. అమ్మేయమని చాలామంది చెప్పారు, అమ్మలేదు. నీ చదువుకు దాన్ని వాడుకుంటానంటే కాదనను. పాడు చేస్తే ఊరుకోను. ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. మనవడని మార్కులు కలపడం నాకు చేతకాదు.

ఒక సంగతి తెలిసి ఒళ్లు జలదరించింది. మీ తాత పోయినప్పటి నుంచి ఆ ఇంజన్‌లో నూనె మార్చనే లేదట. చౌరస్తాలో గ్యారేజీ నడిపే రాజలింగు ఈ మాట నవ్వుతూ చెప్పాడు. నేను బయటికి పోవాలంటే బండి తోలేది కూడా అతడే, కాబట్టి నవ్వినా భరించాను. గారెలు తీసిన మూకుట్లో నూనెను మర్నాడు తాలింపుకు కూడా పెట్టనివ్వని ఇల్లు ఇది. మీ తాత దాన్ని చాదస్తమనేవారు, గారెలు మాత్రం వద్దనేవారు కాదు. బండి శుభ్రం ఇకమీదట నేను చూసుకుంటాను. రాజలింగుకు చెప్పవలసినవి చెప్పాను. "అట్లనే టీచరమ్మా" అన్నాడు. నీ మందు సంగతి నువ్వు చూసుకో.

తువాలు నానబెట్టాను. మరక పోలేదు.

నానమ్మ


క్యాంపస్ హాస్టల్,
9 జూలై 1967

నానమ్మకు వెంకటేశం దండాలు.

కాగితం మీద రాయమన్నవు, రాస్తున్న. తువాలు సంగతి నేను మరిచిపోలేదు, నువ్వు మరిచిపోనియ్యవు కూడా.

ముందు మందు గురించి. ఇంజన్ లోపల ఇనుము ఇనుమును రాసుకుంటది. నడుమ నూనె పొర ఉంటది. వేడికి ఆ పొర తెగితే ఇనుము అరుగుతది. తాత కారు కాలంల ఇంజన్లకు ఒట్టి నూనె పోసేటోళ్లు, దాంట్ల ఏ మందూ ఉండకపోయేది. అందుకే ఆ కాలపు ఇంజన్లు తొందరగ అరిగినయి. నేను ఆముదం నుంచి తీసిన ఆమ్లం ఒకటి, దాంట్ల మెత్తటి గ్రాఫైట్ పొడి కలిపిన. ఆముదం ఇనుమును పట్టుకుంటది, గ్రాఫైట్ జారుతది. కొత్త కారు మీద చేస్తే ఫలితం తెలవాలంటే ఏండ్లు పడుతది. మన బండి అయితే ఎట్లాగూ అరుగుతనే ఉన్నది. (ఇది నిన్ను అనలేదు.)

ఎట్ల కొలుస్తా అంటే, మందు పొయ్యకముందే ఇంజన్ నూనె కొంచెం తీసుకొచ్చిన. కాల్చి బూడిద చేసి, యాసిడ్‌ల కరిగించి, ఒక రసాయనం చుక్క వేస్తే ఎరుపు రంగు వస్తది. ఎంత ఇనుము అరిగి నూనెల కలిసిందో అంత ఎరుపు. మనది దానిమ్మ రసం లెక్క వచ్చింది. ల్యాబ్‌ల అందరూ చూసి పోయిండ్రు.

ఇగ ప్రతి నెల మొదటి ఆదివారం వస్తా. ముందు నూనె తీసుకుంటా, తర్వాత మందు పోస్తా, తర్వాత అన్నం తింటా. మార్చిల మా కాలేజీల సెమినార్ ఉన్నది. ఫలితం నిలబడితే కొండలరావు సార్ నన్ను పీహెచ్‌డీకి తీసుకుంట అన్నడు. నిలబడకుంటే నాన్న కాజీపేట రైలింజన్ల షెడ్డుల గుమాస్తా కొలువు మాట్లాడి పెట్టిండు. నా బతుకు ఇప్పుడు తాత ఇంజన్‌ల ఉన్నది.

నేనూ రాజలింగుకు చెప్పాల్సినయి చెప్పిన. "అట్లనే సార్" అన్నడు. నువ్వు ఫికరు చెయ్యకు. బండి కడిగించుడు, తుడిపించుడు నీ ఇష్టం.

ఇంట్ల ఉండక హాస్టల్‌ల ఎందుకు పడ్డవని మళ్ల అడిగినవట నాన్నను. తొమ్మిదికి గేటుకు తాళం వేసే ఇంట్ల నుంచి ల్యాబ్ చదువు నడవది నానమ్మా. అంతే.

నీ మనవడు
వెంకటేశం


తార్నాక,
9 ఆగస్టు 1967

వెంకటేశానికి,

మొన్న నువ్వు రాసిన కార్డు చేరింది. నాకంటే ముందు పోస్ట్‌మన్ చదివాడు. గేటు దగ్గర నిలబడి, "టీచరమ్మా, మనవడు కారుకు ఆముదం తాగిచ్చిండంట గదా, కడుపు సాఫ్ అయిందా?" అని అడిగాడు. నువ్వు శాస్త్రవేత్తవయ్యేలోపు నేను ఈ వీధిలో తలెత్తుకుని తిరగాలి. ఇకమీద కవరు వాడు.

బండి సంగతి. ఈ నెలలో అది నారాయణగూడ బడి కమిటీకి మూడుసార్లు, బ్యాంకుకు ఒకసారి పోయి వచ్చింది. మైళ్లు రాజలింగు నీకు రాసి ఇచ్చాడు, నేను కూడి చూశాను, ఒకచోట తప్పు కూడాడు, దిద్దాను. చప్పుడు తగ్గిన మాట నిజం. ఇదివరకు అక్కడి చౌరస్తా మలుపులో ఉండగానే నేను వస్తున్నానని బడి ఆయాలకు తెలిసేది. ఇప్పుడు తెలియక ఇద్దరు నిద్రపోతూ దొరికారు. ఇది నీ పరిశోధన వల్ల కలిగిన మొదటి లాభంగా రాసుకోవచ్చు.

నీ పుణ్యమా అని అంబర్‌పేటలో నా తమ్ముడు సత్తయ్య పిండి గిర్నికి కూడా మేలు జరుగుతున్నది. ప్రతి నెలా మొదటి సోమవారం రాజలింగు అక్కడికి పోయి ఇచ్చి వస్తున్నాడు. ఏ వస్తువునైనా వృథా చేయడం నాకు పడదని నీకు తెలుసు. ఊరికే వచ్చేదేదైనా సత్తయ్యకు పడుతుందనీ తెలుసు. "అక్కా, ఇట్లనే పంపుతుండు" అని కబురు పెట్టాడు. పిండి పట్టించినందుకు మాత్రం నా దగ్గర పైసలు వదలలేదు.

మొన్న భోజనంలో నువ్వు మూడుసార్లు "నానమ్మా, ఆ డిప్‌స్టిక్" అని మొదలుపెట్టావు. మూడుసార్లూ పప్పు వడ్డించాను. నియమం నియమమే.

నానమ్మ


క్యాంపస్ హాస్టల్,
5 సెప్టెంబరు 1967

నానమ్మకు నమస్కారాలు. కవర్లనే పెట్టిన, చూసుకో.

కంచం ముందు చెప్పనియ్యలేదు గాబట్టి ఇప్పుడు చెప్తున్న, గట్టిగ కూసొని చదువు. జూలైల దానిమ్మ రసం. ఆగస్టుల గులాబి రంగు. మొన్న ఆదివారం తీసిన నూనెల, నానమ్మా, ఎరుపు ఉన్నదో లేదో తెలవకుంట ఉన్నది! మూడుసార్లు చేసి చూసిన. తప్పు లేదు.

ఇంకొక వింత. నేను పోసేది కాటుక లెక్క నల్లగ ఉంటది. నూనె కొలిచే డిప్‌స్టిక్ తీసి చూస్తే నూనె తేనె లెక్క ఉన్నది. గ్రాఫైట్ ఎటు పోయినట్టు? కొండలరావు సార్ నేను కలిసి రెండు దినాలు ఆలోచించినం. ఇనుము సందులల్లకు పోయి కూసున్నది! దాంతోపాటు అరిగిన ఇనుమును కూడా తీసుకపోయి, అరిగిన జాగలనే అతికిస్తున్నది. అంటే అరుగుడు తగ్గుడు కాదు, ఇంజన్ తనను తాను బాగు చేసుకుంటున్నది. సార్ కుర్చీల నుంచి లేచి కిటికీ దగ్గర నిలబడి, "వెంకటేశం, ఇది ఎక్కడా చదవలేదయ్యా" అన్నడు. ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అడిక్‌మెట్‌ల హోటల్‌కు తీసుకపోయి చాయ్ తాగించిండు. నాలుగేండ్ల సంది ఎవ్వరికీ తాగించలేదంట.

సత్తయ్య తాత గిర్నికి మన బండిల గోధుమ బస్తాలు పోతున్నయని తెలిసి సంతోషమైంది. బరువు మీద కూడా ఇంజన్ ఇట్ల ఉన్నదంటే ఇంకా గొప్ప. అంబర్‌పేట ట్రిప్పులను బరువు పరీక్ష కింద లెక్కల కలిపిన.

రాజలింగును అడిగితే "మస్తున్నది సార్, మక్కన్ లెక్క నడుస్తున్నది" అన్నడు.

నీ
వెంకటేశం


తార్నాక,
11 సెప్టెంబరు 1967

చిరంజీవి వెంకటేశానికి,

ఉత్తరం గట్టిగా కూర్చునే చదివాను. లేవడానికే కష్టమైంది, మోకాళ్ల వల్ల. అందుకని ముందు నా మనవి: ఆ మందు ఒక సీసా నాకు పంపు. రెండు మోకాళ్లకూ పోసుకుంటాను. అరవై అయిదేళ్లలో అరిగినదంతా వచ్చి అతుక్కుంటే, మీ కొండలరావు గారికి నేనే చాయ్ తాగిస్తాను.

ఒక సంగతి అర్థం కాలేదు. నెలనెలకూ నూనెలో ఇనుము తగ్గుతున్నదంటే అరుగుదల తగ్గిందని ఒప్పుకుంటాను, అందులో వింత లేదు. కానీ అతుక్కోవడమేమిటి? పెట్టెలో లేని చీర ఒంటి మీద ఉన్నట్టే అంటే ఎట్లా? దొంగ ఎత్తుకుపోయి ఉండవచ్చు. చాకలికి వేసి ఉండవచ్చు. నా దగ్గర చదివిన పిల్ల ఇట్లా లెక్క చేస్తే, జవాబు సరిపోయినా సరే, పలక తుడిపించేదాన్ని.

ఆముదం గుణం కూడా నాకు కొంత తెలుసు. మీ అమ్మ నిన్ను నా దగ్గర వదిలి వెళ్లిన ఎండాకాలం నెలకొకసారి తాగించాను. నల్లగొండ నుంచి వచ్చిన ఆముదం, మంచిది. అప్పుడు నీ లోపలిదంతా బయటికే వచ్చింది. ఏదీ ఎక్కడా అతుక్కోలేదు. నువ్వు పరుగెత్తినంత వేగంగా మీ తాత బండి కూడా ఎప్పుడూ పరుగెత్తలేదు.

బస్తాలు అని రాశావు. ఏ బస్తాలో నాకు తెలియదు. సత్తయ్య బస్తా కూడా కారులో ఎక్కించి ఉంటే రాజలింగును అడుగుతాను. సీటు మీద పిండి కనబడితే ఇద్దరికీ ఉంటుంది.

నానమ్మ


(కార్డు)
క్యాంపస్, 4 డిసెంబరు 1967

నానమ్మా, కవర్లు అయిపోయినయి, పోస్ట్‌మన్‌కు కూడా నమస్తే. నిన్న మందు డబుల్ పోసిన. ఆముదం పాలు కూడా పెంచిన. ఇంజన్ ఎంత తాగగలదో చూద్దాం. నిన్నటి నూనెల ఎరుపు మళ్ల దాదాపు సున్న. సార్ పేపరు రాయుడు మొదలుపెట్టిండు. వెంకటేశం.


తార్నాక,
8 డిసెంబరు 1967

వెంకటేశానికి,

పోస్ట్‌మన్ నీకు తిరుగు నమస్తే చెప్పమన్నాడు. "డబుల్ అంటే జర పైలం టీచరమ్మా" అని సలహా కూడా ఇచ్చాడు. ఇంత మందికి తెలిసిన పరిశోధన మన క్యాంపస్‌లో ఇంకొకటి ఉండదు.

బస్తాల సంగతి రాజలింగును అడిగాను. "ఏ బస్తాల్లేవు టీచరమ్మా" అన్నాడు. నువ్వు అడిగితే ఉన్నాయంటాడేమో. అతని గ్యారేజీలో కాదు అనే మాట దొరకదు.

ఈ నెలది చిక్కగా ఉందని సత్తయ్య కబురు పంపాడు. చిక్కగా ఉంటే బలమని సంతోషపడుతున్నాడు. వాడు పాలు కూడా అట్లాగే కొంటాడు.

చలికి స్వెటర్ వేసుకో. ల్యాబ్‌లో కిటికీలు మూయరని మీ నాన్న రాశాడు.

నానమ్మ


క్యాంపస్ హాస్టల్,
24 ఫిబ్రవరి 1968

పూజ్యురాలైన నానమ్మకు,

ఈసారి పొడుగ్గ రాయను, పని ఒత్తిడి ఉన్నది. సెమినార్ మార్చి 9, శనివారం. ఢిల్లీ నుంచి ఇద్దరు వస్తున్నరు. సార్ మా పేపరు సారాంశం వాళ్లకు ముందే పంపిండు. తాత కారును కాలేజీ మెట్ల ముందు నిలబెట్టి, దండ వేసి, అందరి ముందర స్టార్ట్ చేస్తం. సార్ అయితే "ప్రపంచంల మొదటిసారి" అనే మాట ఎక్కడ పెట్టాల్నా అని మూడు దినాల సంది వెతుకుతున్నడు.

సారాంశం నకలు దీంట్ల పెట్టిన. నీ ఇంగ్లీషు నాకంటె మంచిది, తప్పులుంటే దిద్ది పంపు. చివర నీ పేరు ఉన్నది, అది మాత్రం దిద్దొద్దు. "పరీక్ష జరిగిన ఏడు నెలలూ ఇంజన్‌లోని నూనెను ఒక్కసారి కూడా మార్చలేదు" అనే వాక్యమే మా పేపరుకు ప్రాణం. అదే నూనెల ఉండాల్సిన ఇనుము నెలనెలకు తగ్గుకుంట వచ్చిందంటే, అతుక్కోక ఇంకెటు పోతది? సెప్టెంబర్‌ల నువ్వు అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు.

నాన్నకు రాసిన, కాజీపేట వద్దని. నవ్వుతవని తెలుసు. అయినా ఈసారి నీ మనవడు గెలిచిండు.

వెంకటేశం


తార్నాక,
28 ఫిబ్రవరి 1968

చిరంజీవి వెంకటేశానికి,

సారాంశం దిద్దాను. ఇంగ్లీషులో రెండు తప్పులే ఉన్నాయి. మూడో తప్పు ఇంగ్లీషుది కాదు.

నీ కవరు చింపి ఆ వాక్యం దగ్గర ఆగి ఉన్నాను. అప్పుడే గేటు తోసుకుని సత్తయ్య వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గుడ్డ మూట ఒకటి నా ముందు విప్పాడు.

"అక్కా, నీ మనవడు నా గిర్నికి మందు పెట్టిండు."

"వాడు నీ గిర్ని దిక్కు రాక ఏడాది అయింది," అన్నాను.

"మనిషి రాలే, మందు వచ్చింది. నెలనెల నువ్వు పంపిన నూనెనే గదా నా ఇంజన్‌కు పోస్తున్న! నిన్న గుర్రుమన్నది, ఆగింది. విప్పి చూస్తే రింగులన్నీ పిస్టన్‌కు పట్టుకున్నయి. ఇగో, ముట్టి చూడు, బెల్లం పాకం! లగ్గాల దినాలు. గాడ ఆడోళ్లు గోధుమలు ముంగట పెట్టుకొని నన్ను తిడుతున్నరు. నువ్వు గీడ కూసొని కాగితాలు చదువుతున్నవు."

ముట్టి చూశాను. వేలు అంటుకుంది. ఆముదం వాసన. గ్రాఫైట్ నలుపు. నువ్వు ఇంతకాలం వెతుకుతున్న గ్రాఫైట్ అంతా అక్కడే ఉన్నది వెంకటేశం, సందుల్లో కాదు, అంబర్‌పేటలో.

రాజలింగును పిలిపించాను. అతడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"వెంకటేశం నీకేం చెప్పాడు?"

"ఇంజన్ నూనె మార్చొద్దన్నడు టీచరమ్మా."

"నేనేం చెప్పాను?"

"సార్ వచ్చిపోయిన మర్నాడు మార్చుమన్నవు. పాతది వృథా చెయ్యకుంట సత్తయ్యకు ఇయ్యిమన్నవు."

"మరి నువ్వు?"

"ఇద్దరికీ అట్లనే అన్న."

"ఒకరి మాట ఇంకొకరికి చెప్పవద్దా?"

"సార్ చదువుకున్నోడు. నువ్వు చదువు చెప్పినదానివి. నడుమల నేనేంది టీచరమ్మా?"

నాకు కోపం రావలసింది. నవ్వు వచ్చింది. సత్తయ్యకు రాలేదు.

కాబట్టి జరిగింది ఇది. ప్రతి మొదటి ఆదివారం నువ్వు మందు పోశావు. ఆ మర్నాడు, సోమవారం పొద్దున, నేను ఆ నూనె అంతా, నీ మందుతో సహా, కిందికి దింపించి కొత్త నూనె పోయించాను. నెల తర్వాత నువ్వు వచ్చి తీసుకున్నది నా నూనె. తేనెలా ఉండక ఏమవుతుంది? మొదటిసారి దానిమ్మ రసం రెండేళ్ల మురికిది. తర్వాతి గులాబి రంగు అడుగున మిగిలిన మురికిది, ఆ తర్వాతివన్నీ నెల వయసు నూనెవి. ఇంజన్ తనను తాను బాగు చేసుకోలేదు. దానికి నెలనెలా స్నానం చేయించాను, అంతే. నీ మందు నా కారులో ఒక్క రాత్రి కంటే ఎక్కువ ఎప్పుడూ ఉండలేదు. ఏడు నెలలు అది పనిచేసింది సత్తయ్య గిర్నిలో. ఎట్లా పనిచేసిందో నా వేలికి ఇంకా అంటుకుని ఉన్నది.

చాకలికి వేసి ఉండవచ్చని సెప్టెంబరులోనే రాశాను. ఆ చాకలిని నేనేనని అప్పుడు నాకు తెలియదు.

సెమినారుకు ఇంకా సమయం ఉన్నది. ఏం చేస్తావో రాయి.

నానమ్మ


క్యాంపస్ హాస్టల్,
2 మార్చి 1968

నానమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన. ల్యాబ్‌కు పోలేదు. జ్వరమని చెప్పిన.

ఒక్క మాట అడగకపోయినవు. "నూనె మారుస్తున్న రా" అని ఒక్క మాట. నీ నియమాలు, నీ శుభ్రం, నీ మూకుడు! అన్నం దగ్గర చెప్పనియ్యవు, గేటు దగ్గర నిలబడనియ్యవు. ఏడు నెలలు నేను నీ కొత్త నూనెను పరీక్ష చేసిన. క్యాంపస్‌ల తెలిస్తే కుక్క కూడా నవ్వుతది.

సార్‌కు ఎట్ల చెప్పాలె? ఆయన కొత్త కోటు కుట్టించుకున్నడు. ఢిల్లీ వాళ్లు బయలుదేరుతున్నరు. నాన్నకు కాజీపేట వద్దని రాసిన, ఆయన అక్కడ చెప్పేసిండు కూడ.

నేను ఆలోచించిన. ఇది తెలిసింది మన నలుగురికే. రాజలింగు ఎవ్వరికీ చెప్పడు, ఏమడిగినా అట్లనే అంటడు. సత్తయ్య తాత సెమినార్‌కు రాడు. శనివారం బండి మంచిగనే స్టార్ట్ అయితది. ఒక్క దినం గడిస్తే చాలు. తర్వాత నిజంగ, నూనె మార్చకుంట, మళ్ల మొదటి నుంచి చేస్తా. ఎవ్వరికి నష్టం? నువ్వు ఊకుంటే చాలు నానమ్మా. జీవితంల మొదటిసారి అడుగుతున్న, ఒక్కసారి మార్కులు కలుపు.

ఈ ఉత్తరం చదివి పొయ్యిల వెయ్యి.

వెంకటేశం


తార్నాక,
4 మార్చి 1968, సోమవారం

చిరంజీవి వెంకటేశానికి నానమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. పొయ్యిలో వేయలేదు. అందులో నీ తెలుగు బాగున్నది. కోపంలో నువ్వు మంచి వాక్యాలు రాస్తావు. నిన్న మొదటి ఆదివారమైనా నువ్వు రాలేదు. నీ కంచం కడిగి పెట్టాను, తిరిగి బోర్లించాను. జవాబు ఇవాళే రాయడం ఎందుకంటే, శనివారం తర్వాత రాస్తే అది ఉత్తరం కాదు, దెప్పిపొడుపు అవుతుంది. దెప్పడానికి నాకు వేరే రోజులున్నాయి.

నేను అడగలేదన్నావు. నిజమే. నువ్వు కూడా నన్ను అడగలేదు. ఇద్దరమూ రాజలింగును అడిగాము. "అట్లనే" అన్న మాట వినడం మనిద్దరికీ ఇష్టం, అదీ సంగతి. మీ సార్ కూడా నీ నోటి నుంచి అదే విన్నారు.

ఎవరికి నష్టమని అడిగావు. ఆ కాగితం చదివి ఊరూరా ఎంతమంది గిర్నివాళ్లు ఆముదం పోస్తారో, ఎన్ని రింగులు పట్టేస్తాయో నువ్వే లెక్క వెయ్యి. నా ముందు సత్తయ్య ఒక్కడు నిలబడితేనే పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తిట్లు అయ్యాయి.

నవ్వుతారు, అది నిజం. ఒక పూట నవ్వుతారు. నిజం దాస్తే, ఎప్పుడు నవ్వుతారో తెలియక ప్రతి పూటా చెవులు రిక్కించి కూర్చోవాలి. అబద్ధం కూడా నీ మందు లాంటిదే వెంకటేశం. మొదట చప్పుడు తగ్గిస్తుంది. రింగులు తర్వాత పట్టేస్తుంది.

మార్కులు కలపను. నీ దగ్గర ఉన్నవాటిని మాత్రం నువ్వు చూసుకోలేదు. శుభ్రమైన నూనె నెలనెలా మారిస్తే అరిగిపోయిన ఇంజన్ కూడా నిలుస్తుందని ఏడు నెలలు కొలిచి చూపావు. నీ ఆముదం వేడికి జిగురై రింగులను పట్టేస్తుందని ఒక గిర్ని చెడగొట్టి చూపావు. రెండూ నిజాలే. "ప్రపంచంలో మొదటిసారి" కాకపోవచ్చు. తార్నాకలో మొదటిసారి.

ఇక జరగవలసినవి:

1. ఈ ఉత్తరం అందిన రోజే కొండలరావు గారి దగ్గరికి పో. కూర్చోమంటే కూర్చోకు. నిలబడి చెబితే తొందరగా అయిపోతుంది. కొత్త కోటు వృథా కాదని చెప్పు. నిజం చెప్పేటప్పుడు కూడా వేసుకోవచ్చు.

2. "ఒక్కసారి కూడా మార్చలేదు" అన్న వాక్యం కొట్టెయ్యి. దాని చోట "ప్రతి నెలా మా నానమ్మ మార్పించింది" అని రాయి.

3. ఈ ఉత్తరంతో పాటు పొట్లంలో సత్తయ్య రింగు ఉన్నది. శనివారం దాన్ని బల్ల మీద పెట్టి, అందరినీ ముట్టి చూడమను. వేళ్లు తుడుచుకోవడానికి నువ్వు మరక చేసిన తువాలు కూడా పెట్టాను, దాని మీద ఇంకొక మరక పడినా నాకు దుఃఖం లేదు.

4. కారు వస్తుంది. దండ వేయకూడదు. వెనక సీట్లో నేనుంటాను. నూనె ఎవరు మార్చారని ఢిల్లీవాళ్లు అడిగితే దిగి చెబుతాను. మోకాళ్లు అరిగి ఉన్నాయి కనుక కొంచెం సమయం పడుతుంది, ఆగమని చెప్పు.

5. ఆదివారం అంబర్‌పేట పోయి సత్తయ్య తిట్లు నీ వంతువి తిను. గిర్ని మళ్లీ నడిచేదాకా ఆ వాడ గోధుమలు సైకిలు మీద రామంతాపూర్ గిర్నికి మోసి, పిండి తెచ్చి ఇవ్వాలి. నీ తరఫున మాట ఇచ్చేశాను. ఇప్పుడు నీకు నిజంగానే బస్తాలు దొరికాయి.

6. రాజలింగును ఏమీ అనకు. ఇకమీద అతనికి ఏది చెప్పినా మనిద్దరం పక్కపక్కన నిలబడి చెప్పాలి.

7. నిజం విన్నాక కొండలరావు గారు నిన్ను వద్దంటే, మీ నాన్న చెయ్యి పట్టుకుని మళ్లీ కాజీపేటలో అడిగిస్తాను. అక్కడా ఇంజన్లే. ఆయన నిన్ను ఉంచుకుంటే, ఏప్రిల్ నుంచి పరీక్ష మళ్లీ మొదలు. నూనె దింపే బిరడా మీద లక్క ముద్ర నువ్వే వెయ్యి. ఆరు నెలలు ఆ నూనెను నేను ముట్టను. లోపల ఎంత మురికి ఉన్నదో తెలిసి కూడా ముట్టను. ఇది నేను నీకు ఇస్తున్న పెద్ద కానుక, ఎంత పెద్దదో నీకు తెలియదు.

8. శనివారం రాత్రి, ఏం జరిగినా, భోజనం ఇక్కడ. గారెలు, కొత్త నూనెలో. ఎంత పొద్దుపోయినా గేటుకు తాళం వేయను. కంచం ముందు బండి మాట ఎత్తవచ్చు. ఆ ఒక్క పూటకు.

నానమ్మ